బజ్జీకి పాత పేపరు వద్దు, అడ్డాకు చాలు

సంపాదకులకు నమస్కారం.

అయ్యా,

అక్కయ్యపాలెంలో ఇరవై రెండేళ్లుగా కాపురముంటున్నా, మా వీధి చివరి టిఫిన్ బండి దగ్గర ఒక్కసారైనా నిలబడి తిన్నవాణ్ని కాను. మొన్న వేసవిలో మా అమ్మాయి పురిటికని శ్రీమతి హైదరాబాదు వెళ్లి మూడు నెలలు అక్కడే ఉండిపోవలసి రావడంతో, అన్నం వార్చుకోవడం తప్ప మరో వంట తెలియని నేను పూటపూటా బయటి తిండికి అలవాటు పడ్డాను. ఫోనులో ఆర్డరు చేస్తే సిరిపురం నుంచో ఎంవీపీ కాలనీ నుంచో చల్లారిన పార్సిల్ వస్తోందని విసుగుపుట్టి, కాలినడకన వెళ్లగలిగిన 80 అడుగుల రోడ్డు, శాంతిపురం, దొండపర్తి, తాటిచెట్లపాలెం, రైల్వే న్యూ కాలనీలలో ఏమేమి దొరుకుతాయో రోజుకొకటి చొప్పున తిని చూశాను. ఆ అనుభవంలోంచి పుట్టిన ఒక ఫిర్యాదును, దానితోపాటే ఒక విన్నపాన్ని మీ పత్రిక ద్వారా నగర ప్రజల ముందుంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

ముందు తిండి సంగతి చెప్పాలి, ఎందుకంటే నా ఫిర్యాదు దాని మీద కాదు. బీచ్ రోడ్డు హోటళ్ల గురించి పత్రికల్లో పేజీలకు పేజీలు వస్తాయి గానీ, ఉదయం ఆరింటికే పొయ్యి వెలిగించి తొమ్మిదిన్నరకల్లా గిన్నెలు బోర్లించేసే ఈ బండ్ల గురించి ఎవరూ రాయరు. పూరీతో ఇచ్చే బొంబాయి చట్నీ ఒక్కొక్క చోట ఒక్కొక్క రుచిలో ఉంటుంది. ఒకచోట శనగపిండి పచ్చివాసన పోకముందే దించేస్తే, రెండు సందుల అవతల ఒక పెద్దావిడ ఉల్లిపాయలు మెత్తబడేదాకా ఓపిగ్గా ఉడికించి, చివర నిమ్మరసం పిండి ఇస్తుంది. మధ్యాహ్నం మెస్సుల్లో భోజనం ఫరవాలేదు. కర్రీ పాయింట్ల కూరల్లో నూనె ఎక్కువ.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది చోడి అంబలి. రాగులను మన ఉత్తరాంధ్రలో చోళ్లంటామని, కూలిపనికి వెళ్లేవారు పొద్దున్నే ఆ అంబలి తాగి బయలుదేరేవారని చిన్నప్పుడు మా నాయనమ్మ చెబితే విన్నానే గాని, అది మా ఇంటికి ఫర్లాంగు దూరంలో అమ్ముతారని నాకు తెలియదు. ముందురోజే పులియబెట్టిన చోడిపిండిని నూకలతో కలిపి ఉడికించి, తెల్లవారాక మజ్జిగ పోసి ఉప్పు వేసి, పెద్ద సత్తు గిన్నెలోంచి గరిటెతో స్టీలు గ్లాసులో పోసిస్తారు. పక్కన ఒక పచ్చి ఉల్లిపాయ ముక్క, వేయించిన ఊరమిరపకాయ ఉంటాయి. మే నెల ఎండలో అది తాగి ఇంటికి వచ్చిన రోజున మధ్యాహ్నం రెండు దాటేవరకు ఆకలి అన్న మాటే ఉండేది కాదు. తాగిన గ్లాసు కడిగి బోర్లిస్తారు కాబట్టి, అక్కడ కాగితానికీ ప్లాస్టిక్కుకూ పనే లేదు.

సాయంత్రం బజ్జీల బండి దగ్గర మాత్రం వ్యవహారం వేరు. ఒకరోజు అరటికాయ బజ్జీలు నాలుగు కట్టించుకుని ఇంటికి వచ్చి పొట్లం విప్పేసరికి, వాటిని చుట్టిన కాగితం ఎవరో పెద్దాయన శ్రద్ధాంజలి ప్రకటన. నూనె పీల్చుకున్న కాగితం అద్దంలా తేలిపోయి, వెనక పేజీలోని బంగారం ధరల పట్టిక ఆయన ముఖం మీద కనిపిస్తోంది. పైనున్న బజ్జీని చేతిలోకి తీసుకుంటే, దాని మీద రెండు మూడు అక్షరాలు తిరగబడి మసక నలుపులో అచ్చుపడి ఉన్నాయి. అంతవరకు అదే బండి దగ్గర నెల రోజులుగా అవే అక్షరాలను అల్లం చట్నీలో నంజుకుని తింటున్నానన్నమాట.

పత్రికల ముద్రణకు వాడే సిరాలో రంగుతోపాటు ఖనిజ నూనెలు, ద్రావకాలు ఉంటాయి. సలసల కాగే నూనెలోంచి తీసిన బజ్జీని నేరుగా దానిలో చుడితే, ఆ వేడికీ జిడ్డుకీ సిరా కరిగి తిండిలోకి చేరుతుంది. ఇక ఆ కాగితం మన ఇళ్లలో మూలపడి, పాత పేపర్లు కొనేవాడి తోపుడుబండి ఎక్కి, ఎన్ని చేతులు మారి బజ్జీ దగ్గరకు వచ్చిందో చెప్పనక్కరలేదు. ఇది నేను కనిపెట్టిన ప్రమాదమేమీ కాదు. భారత ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2016లోనే దీనిపై హెచ్చరిక జారీ చేసింది. 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలు వార్తాపత్రికల్లో ఆహార పదార్థాలను చుట్టడాన్ని, నిల్వ చేయడాన్ని స్పష్టంగా నిషేధించాయి. ఆ నిబంధన ఢిల్లీ నుంచి మా బండి దాకా ఇంకా రాలేదు.

మరునాడు ఆ బండి యజమానితో ఈ మాటే అంటే, ఆయన జల్లెడ గరిటె దులుపుతూ, "తెల్లకాయితం కొంటే పొట్లానికి రూపాయి పోద్ది బాబూ, నాకేటి మిగుల్తాది?" అన్నాడు. ఆ లెక్కలో తప్పు కనిపించలేదు. ఆయన కిలోల లెక్కన కొనే ఆ పాత పేపర్లను అమ్ముకునేది మనమే, అందులో మా ఇంటి పేపర్లు కూడా ఉండే ఉంటాయి. కాబట్టి జరిమానాలు వేయమనో బండ్లు ఎత్తేయమనో నేను అడగడం లేదు, అలా అడిగే హక్కు నాకు లేదు కూడా.

ఇడ్లీ బండ్ల దగ్గర ఇదే కథ మరో రూపంలో నడుస్తోంది. పళ్లేలు కడగడానికి నీళ్లు చాలక, స్టీలు పళ్లెం మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరచి, పొగలు కక్కే ఇడ్లీలను దాని మీద పెట్టిస్తున్నారు. సాంబారును మూతిముడేసిన పల్చటి కవర్లలో పోసిస్తున్నారు. 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ సంచులను 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధించినా, వేడి సాంబారు మాత్రం వాటిలోనే మన ఇళ్లకు వస్తోంది.

దీనికి మందు మన పక్కనే ఉంది. పాడేరు, అరకు అడవుల్లో చెట్లకు అల్లుకుని పెరిగే అడ్డ తీగ ఆకులు ఆవు గిట్టలా రెండు పాయలుగా చీలి, అరచేతికంటే వెడల్పుగా ఉంటాయి. గిరిజన మహిళలు వాటిని కోసి, ఎండబెట్టి, సన్నని పుల్లలతో విస్తర్లు కుడతారు. ఒకప్పుడు మన పెళ్లిళ్లన్నీ ఆ విస్తళ్ల మీదే జరిగేవి. 2022లో జిల్లాల విభజన తరువాత ఆ ఏజెన్సీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లినా, గిరిజనుల దగ్గర అటవీ ఉత్పత్తులు కొనడానికి 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన విశాఖలోనే ఉంది. తేనె, కాఫీ అమ్ముతున్న ఆ సంస్థ, చిన్న సైజు అడ్డాకు విస్తర్లను, బజ్జీలకు సరిపడే విడి ఆకులను రైతు బజార్లలో బండ్లవారికి తక్కువ ధరకు అందించగలిగితే, ఇడ్లీ కింద ప్లాస్టిక్కు, బజ్జీ చుట్టూ పత్రిక రెండూ తప్పుతాయి. వానాకాలంలో నిల్వ ఆకులకు బూజు పడుతుంది కాబట్టి, వారానికి సరిపడా మాత్రమే కట్టలు కట్టి ఇవ్వాలి. సాంబారుకు మాత్రం ఆకు పనికిరాదు, ఎవరి క్యారియర్ వారు తెచ్చుకోవలసిందే.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. ఎక్కడెక్కడ ఎన్ని కట్టలు కావాలో, ఏ ధరకైతే గిట్టుబాటవుతుందో చెప్పవలసినది వారే. మొదట ఒక్క వీధిలో, మా 80 అడుగుల రోడ్డులోనైనా సరే, మూడు నెలలు నడిపి చూడవచ్చు.

ఇక మీకు నా విన్నపం. "ఈ కాగితంలో తినుబండారాలు చుట్టరాదు" అన్న ఒక్క వాక్యాన్ని ప్రతి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో అచ్చువేయించండి. అన్ని పేజీల్లో స్థలం లేదంటే కనీసం శ్రద్ధాంజలి పేజీలోనైనా వేయించగలరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం