డెన్వర్‌లో ఆసుపత్రి ఒకటి కాదు, రెండు

ఎడిటర్ గారికి నమస్కారం.

మార్చి 24న టీబీ దినం అని మీరు వేసిన పేజీ మొత్తం చదివాను. బాగుంది. కానీ అడుగున చిన్న బాక్సులో, అమెరికాలోని డెన్వర్‌లో యూదులు క్షయ రోగులకు ఉచితంగా ఆసుపత్రి కట్టారని రెండు ముక్కల్లో తేల్చేశారు. అక్కడ కట్టింది ఒకటి కాదండీ, రెండు. రెండోది ఎందుకు కట్టాల్సి వచ్చిందన్నదే అసలు కథ. మా అబ్బాయి వాళ్లు ఆ ఊరి దగ్గరే ఉంటారు. రెండుసార్లు వెళ్లి నెలల తరబడి ఉన్నాను. ముప్పై ఏళ్లు ల్యాబ్‌లో తెమడ పరీక్షలు చేసినవాణ్ణి, అక్కడ వేరే పని లేక ఈ చరిత్ర వెంట పడ్డాను. ఉత్తరం కాస్త పొడుగైంది, ఏమనుకోకండి.

డెన్వర్ సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తులో ఉంటుంది. పొడి గాలి, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ. మందు లేని ఆ కాలంలో క్షయకు అదే వైద్యం అనుకునేవాళ్లు, అందుకని న్యూయార్క్ లాంటి ఊళ్లలో ఇరుకు గదుల్లో బట్టలు కుట్టి కుట్టి దగ్గు పట్టినవాళ్లంతా ఉన్న డబ్బు రైలు టికెట్టుకే పెట్టి వచ్చేసేవాళ్లు. టీబీని దర్జీల జబ్బు అని కూడా అనేవారట. తీరా దిగాక ఉండటానికి చోటు లేదు, తినటానికి తిండి లేదు, కొందరు వీధుల్లోనే పడిపోయేవాళ్లు. ఫ్రాన్సెస్ వైస్‌బార్ట్ జేకబ్స్ అనే ఆవిడ అది చూడలేక, వీళ్లకో ఆసుపత్రి కావాలని ఊరి పెద్దల వెంటపడింది. 1892 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. అదే నెలలో అదే ఊళ్లో డేవిడ్ ఎడెల్‌స్టాట్ అనే యిడ్డిష్ కవి (యిడ్డిష్ అంటే తూర్పు యూరప్ యూదులు మాట్లాడే భాష) క్షయతో పోయాడు. కార్ఖానాలో కాజాలు కుట్టి బతికినవాడు, 26 ఏళ్లు. నవంబరులో జేకబ్స్ గారూ పోయింది.

కట్టడం పూర్తయ్యేసరికి 1893లో వెండి ధర కూలింది. డెన్వర్ ఉన్న కొలరాడో వెండి గనుల మీద బతికే రాష్ట్రం కదా, బ్యాంకులు మూతబడ్డాయి, విరాళాలు ఆగిపోయాయి, కట్టిన ఆసుపత్రి ఆరేళ్లు తాళం వేసి ఉండిపోయింది. చివరికి బ్నాయ్ బ్రిత్ అనే యూదు సంఘం దేశమంతా చందాలు పోగు చేస్తే 1899 డిసెంబరు 10న తలుపులు తీశారు. పేరు నేషనల్ జ్యూయిష్ హాస్పిటల్. డబ్బు కట్టగలిగినవాళ్లకు లోపలికి రావడం లేదు, లోపలికొచ్చినవాళ్లు కట్టేదీ లేదు, అదీ వాళ్ల నియమం. చేరిన మొదటి రోగి యూదు కూడా కాదు, స్వీడన్ మూలాలున్న ఒకావిడ. ఇంతవరకూ చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, జబ్బు మొదట్లో ఉన్నవాళ్లనే, నయమవుతారన్న నమ్మకం ఉన్నవాళ్లనే చేర్చుకునేవారు. అదీ ఆరు నెలలకే. ముదిరినవాళ్లకు దారి లేదు. ఇంకోటి, మొదట్లో అక్కడ కోషర్ వంట లేదు. కోషర్ అంటే, మన పెద్దవాళ్ల మడి వంట లాంటి పట్టింపు అనుకోండి. ఆసుపత్రి నడిపేవాళ్లు చాలావరకు జర్మనీ వైపు నుంచి ముందే వచ్చి స్థిరపడ్డ యూదులు, చదువూ డబ్బూ ఉన్నవాళ్లు. రోగుల్లో చాలామంది రష్యా, పోలండ్ వైపు నుంచి కట్టుబట్టలతో వచ్చిన యిడ్డిష్ మాట్లాడే పేదలు. ఒకే మతం, ఒకే జబ్బు, అయినా మధ్యలో గోడ. ఈ సంగతి మనకు వేరే చెప్పాలా?

1903లో ఆ పేదలే, కూలీనాలీ చేసుకునేవాళ్లు, అందులో క్షయ ఉన్నవాళ్లు కూడా, జ్యూయిష్ కన్సంప్టివ్స్ రిలీఫ్ సొసైటీ, అంటే యూదు క్షయ రోగుల సహాయ సంఘం, అని పెట్టుకున్నారు. 1904 సెప్టెంబరులో ఊరి పడమర వెస్ట్ కోల్‌ఫాక్స్ రోడ్డు పక్కన టెంట్లతో మొదలుపెట్టారు. ఆ టెంట్ల ఫొటోలు చూస్తుంటే కళ్లు తిప్పుకోలేకపోయాను. కింద చెక్క, పైన కాన్వాసు గుడ్డ, అది మంచు పడే ఊరు, అందులో మంచం మీద దుప్పట్లు కప్పుకుని మనిషి! గాలి తగలాలని అలా పడుకోబెట్టేవారు. ముదిరినా చేర్చుకున్నారు, రేపో మాపో పోయేవాళ్లనైనా చేర్చుకున్నారు. దేశమంతా ఉన్న పనివాళ్ల దగ్గర చిల్లర చిల్లరగా పోగైన చందాలతో నడిపారు. వెనకుండి నడిపించింది డాక్టర్ చార్లెస్ స్పివాక్, రష్యా నుంచి వచ్చిన మనిషి. వైద్యం చేస్తూనే, బైబిల్‌ను యిడ్డిష్‌లోకి అనువదించిన కవి యెహోయాష్‌తో కలిసి 1911లో యిడ్డిష్ నిఘంటువు తెచ్చాడు. ఆ కవీ క్షయతో డెన్వర్ చేరినవాడే. స్పివాక్ 1927లో పోతూ రాసిన వీలునామా చదివి నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను. తన శరీరాన్ని వైద్య కళాశాలకిమ్మన్నాడు, యూదు విద్యార్థులూ కానివాళ్లూ సమానంగా కూర్చుని కోయాలన్నాడు, ఆ తర్వాత ఎముకలు కూర్చి అస్థిపంజరాన్ని జెరూసలేం విశ్వవిద్యాలయానికి పంపమన్నాడు.

రెండు సంస్థలకూ ఏళ్ల తరబడి పడలేదు. మొదటి ఆసుపత్రి తరఫున రబ్బీ, అంటే యూదు మతగురువు, విలియం ఫ్రీడ్‌మన్ ఈ కొత్తదాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. నేను ఆయన్ని విలన్‌ని చేయను. ఉన్న మంచాలు కొన్నే అయినప్పుడు బతికేవాడికి ఇవ్వాలా, పోయేవాడికి ఇవ్వాలా అంటే ఏ డాక్టరుకైనా టెన్షనే.

అయినా నా మనసు రెండోవాళ్ల వైపే ఎందుకు పోతుందో చెప్తాను. నేను పనిచేసిన రోజుల్లో టీబీ కార్యక్రమానికి ఒక లెక్క ఉండేది, చేరినవాళ్లలో 85 శాతం మందికి నయం కావాలి. మంచి లక్ష్యమే. ఒకసారి ఇటుక బట్టీలో పనిచేసే అతను వచ్చాడు, వేరే జిల్లా మనిషి, తాగుతాడు. స్లయిడ్ నేనే చూశాను, నీలం మీద ఎర్రటి సన్న పుల్లలు, అవే టీబీ క్రిములు, గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. రిపోర్టు మీద పాజిటివ్ అని రాసిచ్చాను. సాయంత్రం చూస్తే మందుల రిజిస్టర్‌లో అతని పేరు లేదు. అడిగితే పైనున్నాయన, "వీడు రెండు నెలలకు బట్టీ మారిపోతాడు, మందులు మధ్యలో ఆపేస్తాడు, మన శాతం పోతుంది, సొంతూళ్లో చూపించుకోమన్నాను" అన్నాడు. నేను గట్టిగా మాట్లాడలేదు. ఆ తర్వాత అతను మళ్లీ కనబడలేదు. అందరూ ఇలా చేశారని అనను, నేను చూసింది ఇది.

టీబీ మందుల్లో స్ట్రెప్టోమైసిన్ 1943లో దొరికింది, 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది, ఆ తర్వాత శానిటోరియాల, అంటే క్షయ రోగుల్ని నెలల తరబడి ఉంచే ఇలాంటి ఆసుపత్రుల, అవసరమే పోతూ వచ్చింది. డెన్వర్‌లో రెండోది 1954లో క్యాన్సర్ పరిశోధన వైపు మళ్లింది, చాలా ఏళ్లకు ఆ ఆవరణలోకి ఆర్ట్ కాలేజీ వచ్చింది. మొదటిది ఊపిరితిత్తుల ఆసుపత్రిగా ఇప్పటికీ నడుస్తోంది, కాబట్టి మీ బాక్సులో "ఉండేది" అని రాసింది కూడా సరికాదు. ఇంట్లో ఉండి మందులు మింగినా శానిటోరియంలో ఉన్నంత బాగా తగ్గుతుందని 1959లో తేల్చింది మన పక్కనున్న మద్రాసు టీబీ పరిశోధన కేంద్రమే. శానిటోరియాలు చూసిన మా మదనపల్లె ఆరోగ్యవరం వాళ్లూ, వికారాబాద్ అనంతగిరి వాళ్లూ ఈ సంగతులన్నీ నాకంటే బాగా చెప్పగలరు.

మీ పేజీలో జిల్లాలవారీగా నయమైనవాళ్ల శాతాలు పట్టిక వేశారు. వచ్చే మార్చిలో మళ్లీ వేస్తే, ఒక్క పని చేయండి. పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్లెందరు, వాళ్లలో మందులు మొదలుపెట్టినవాళ్లెందరు అని ల్యాబ్ రిజిస్టర్నీ మందుల రిజిస్టర్నీ పక్కపక్కన పెట్టి చూడమని మీ విలేకర్లకు చెప్పండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, మదనపల్లె