సీటు కొన్నారు, మరి మనిషేడీ?

ఎడిటర్ గారికి,

కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీ ఫుట్‌బాల్ మ్యాచ్ రోజు వెస్ట్ బ్లాక్ స్టాండ్ అభిమానులు 90 నిమిషాలూ నిలబడి గొంతు చించుకుంటుంటే, ఇటు మంచి సీట్లు ఖాళీగా వెక్కిరిస్తుంటాయి. అన్నీ సీజన్ టికెట్లవే (సీజన్ మొత్తానికీ ఒకేసారి కొన్నవే) అనను గానీ, మా పక్క రెండూ మాత్రం అవే; గట్టి ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్ వస్తే తప్ప ఓనర్లు దర్శనమివ్వరు. డబ్బు కట్టాం, మా ఇష్టం అంటారు. రన్నింగ్ ట్రాక్ వల్ల అసలే మైదానం దూరం, జనం కూడా లేకపోతే ఆటగాళ్లకు అరుపులేం వినిపిస్తాయి? సిల్క్‌బోర్డు జంక్షన్ ట్రాఫిక్ అందరికీ ఉన్నదే. రాలేకపోతే ముందురోజే ఇంకొకరికి ఇవ్వొచ్చుగా! లండన్‌లో ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్ సీజన్ టికెట్‌దారులు రాలేని మ్యాచ్ సీటును క్లబ్ ద్వారానే వేరే అభిమానికి అమ్ముకుంటారు. ఇక్కడా ఆ పద్ధతి గట్టిగా నడవాలి, అయినా డుమ్మా కొట్టేవాళ్లకు రెన్యువల్ ఆపేయాలి.

– ఓ అభిమాని, మారతహళ్లి, బెంగళూరు