స్పీకర్ల మోత ఆపడానికి ఎర్త్ పిన్ను పీకేయవద్దు

సంపాదకులకు,

అయ్యా,

టీవీలు పలచబడిన కొద్దీ వాటి లోపలి స్పీకర్లు చిన్నవై మాట స్పష్టంగా వినిపించడం లేదని, మా కావలి చుట్టుపక్కల చాలామంది పాత ఆంప్లిఫయరునో హోమ్ థియేటరునో టీవీకి తగిలించుకుంటున్నారు. తగిలించగానే కొన్ని ఇళ్లలో స్పీకర్లు గుయ్‌మని ఎడతెగకుండా మోగుతాయి. పిలిపించిన మెకానిక్కుల్లో కొందరు చేస్తున్న వైద్యం, ఆంప్లిఫయరు ప్లగ్గులోని లావుపాటి మూడో పిన్నును పీకేయడం. మోత ఆగుతుంది కనుక ఇంటివారు సంతోషంగా డబ్బులిచ్చి పంపుతున్నారు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే పని అని మీ పత్రిక ద్వారా తెలియజేయదలచాను.

మన ఇళ్లకు వచ్చే కరెంటు 50 హెర్ట్జులది. స్పీకర్లలో వినిపించే గుయ్‌మోత ఆ 50 హెర్ట్జులదో, దాని రెట్టింపు 100 హెర్ట్జులదో అయి ఉంటుంది. కేబుల్ వైరు పైతొడుగు వీధిలో ఎక్కడో ఎర్త్ అయి ఉంటుంది, ఆంప్లిఫయరేమో ఆ మూడో పిన్ను ద్వారా ఇంటి ఎర్త్‌కు కలిసి ఉంటుంది. ఈ రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజి కొద్దిగా తేడా ఉన్నా సరే, సెట్‌టాప్ బాక్సు, టీవీ, ఆడియో వైరు మీదుగా సన్నపాటి కరెంటు చుట్టు తిరిగి పాటతోపాటు స్పీకరులోకి చేరుతుంది. స్విచ్చులన్నీ ఆపి, సెట్‌టాప్ బాక్సు వెనుక బిగించిన కేబుల్ వైరును విప్పి, స్విచ్చులు మళ్లీ వేసి చూస్తే సంగతి తేలిపోతుంది: మోత పోయిందంటే అది వస్తున్నది ఆ దారినే. ఆడియో వైరు కూడా పీకేశాక ఇంకా మోగుతుంటే జబ్బు ఆంప్లిఫయరులోనే ఉంది.

కేబుల్ వైరు దారిన వచ్చే మోతకు ఆ వైరు మధ్యలో పెట్టే ఐసొలేటరు (సిగ్నలును పోనిచ్చి, ఎర్త్‌ల మధ్య తిరిగే కరెంటును ఆపే చిన్న పరికరం) గానీ, ఆడియో వైరుకు పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటరు గానీ సరిపోతుంది. అంతకంటే మంచి మార్గం ఆప్టికల్ కేబుల్. అందులో నడిచేది వెలుతురే కాబట్టి రెండు పరికరాల మధ్య విద్యుత్ సంబంధమే ఉండదు. ఆంప్లిఫయరుకు ఆ సదుపాయం లేకపోతే డిజిటల్ శబ్దాన్ని మామూలు ఆడియోగా మార్చే చిన్న డాక్ పెట్టె కొని, టీవీ సెట్టింగుల్లో ఆడియో అవుట్‌పుట్‌ను పీసీఎమ్‌కు, అంటే కుదించని మామూలు డిజిటల్ శబ్దానికి, మార్చాలి. అలా మార్చకపోతే అసలు శబ్దమే రాకపోవచ్చు, అప్పుడు పెట్టె పాడైందనుకుని కొట్టువాడితో తగాదా పడేవాళ్లూ ఉంటారు. వీటికంటే ముందు టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఆంప్లిఫయరు మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడడానికి ఖర్చేమీ లేదు.

మూడో పిన్ను మిగతా రెంటికంటే పొడవుగా ఉండేది ప్లగ్గు పెట్టేటప్పుడు ఎర్త్ ముందుగా తగలాలని, తీసేటప్పుడు చివరగా వదలాలని. ఆ పిన్ను లేని ఆంప్లిఫయరులో ఇన్సులేషను దెబ్బతిని ఫేజు బాడీకి తగిలితే ఫ్యూజు పోదు. ఇనుప పెట్టె 230 వోల్టులతో అలాగే ఉండిపోయి, ఆడియో వైరు మీదుగా టీవీకీ కేబుల్‌కూ ఆ కరెంటును పంపుతుంది. మా బంధువుల ఇంట్లో ఇలా పిన్ను పీకిన ఆంప్లిఫయరును తుడవబోయిన ఆమెకు చేయి జివ్వుమంది. టెస్టరు ఆనిస్తే వెలిగింది. ఆమె కాళ్లకు చెప్పులుండబట్టి సరిపోయింది గానీ, తడి గచ్చు మీద ఒట్టికాళ్లతో ఉంటే ఏమయ్యేదో!

కొన్ని ఇళ్లలో పిన్ను ఉన్నా ప్రయోజనం లేదు, ఎందుకంటే సాకెట్టులోని ఎర్త్ వైరు గోడలోనే ఆగిపోయి ఉంటుంది. ఎర్త్ గొయ్యి ఉన్నచోట కూడా రోహిణి కార్తె ఎండలకు మన జిల్లా నేల నెర్రెలిచ్చినప్పుడు దానికి నీళ్లు పోసేవారు తక్కువ. కనుక కేబుల్ ఆపరేటర్లు కనెక్షను ఇచ్చేటప్పుడే ఇంటి గుమ్మం దగ్గర ఐసొలేటరు బిగించాలనీ, ఆంప్లిఫయర్లు అమ్మే దుకాణదారులు పిన్ను పీకే మెకానిక్కులను ఇళ్లకు పంపడం మానాలనీ కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా.