ఒకే యంత్రంపై పలు సర్వర్లు: ఎవరి వాటా ఎంతో రాసి పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వంటి డెల్టా పట్టణాల్లో కళాశాలలు, సహకార సంఘాలు, రొయ్యల వ్యాపారులు ఖర్చు కలిసివస్తుందని తమ వెబ్ అప్లికేషన్లను ఒకే సర్వర్ యంత్రంపై ఉంచుకోవడం కొత్తేమీ కాదు. ఆ ఆలోచన సరైనదే. అయితే ఆ యంత్రంలో ఎవరి వాటా ఎంతో ముందుగా నిర్ణయించకపోవడం వల్ల ప్రజలు ఇబ్బంది పడుతున్నారు. మా ఊళ్లో ఒక కళాశాల ఫలితాలు వెలువడిన రోజున, అదే యంత్రంపై నడిచే రొయ్యల ధరల సైటు గంటల తరబడి తెరుచుకోక, పట్టుబడికి సిద్ధమైన రైతులు ఆనాటి కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర తెలియక చెరువు గట్టు మీదే ఆగిపోయారు. దాళ్వాకు వంతులవారీగా నీరు వదిలే కాలువపై ఎగువ తూము మూయకపోతే శివారు చేను ఎండుతుందని తెలిసిన మనం, యంత్రంలోని మెమరీ విషయంలో ఆ జాగ్రత్త ఎందుకు తీసుకోవడం లేదు?

జావా భాషలో రాసిన అప్లికేషన్‌కు హీప్ (అది తన డేటాను ఉంచుకునే మెమరీ భాగం) పరిమితి చెప్పకపోతే అది సాధారణంగా యంత్రం మెమరీలో నాలుగో వంతు వరకు తీసుకోగలదు. అలాంటివి ఆరు ఒకేచోట ఉంటే లెక్క ఎలా సరిపోతుంది? మెమరీ పూర్తిగా అయిపోయినప్పుడు యంత్రాన్ని నడిపే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తానే ఒక ప్రోగ్రామును ఆపేస్తుంది. అదీ తప్పు ఎవరిదో చూసి కాదు, ప్రధానంగా ఎవరు ఎక్కువ మెమరీ వాడుతున్నారో చూసి. అందువల్ల ఒక్కోదానికి హీప్ పరిమితి పెట్టడమే కాక, హీప్ వెలుపల థ్రెడ్లకూ (ప్రోగ్రాములో ఒకేసారి సాగే పనుల పాయలకూ) చోటు కావాలి కనుక, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో మొత్తం మెమరీకి, ప్రాసెసర్ సమయానికి కూడా హద్దు రాయాలి.

పోర్టుల (యంత్రంలో ఒక్కో ప్రోగ్రాముకు ద్వారంలా ఉండే నంబర్ల) సంగతి ఇంతకన్నా తేలిక. టామ్‌క్యాట్ (జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్ ప్రోగ్రాము) రెండోది పెట్టేటప్పుడు, అభ్యర్థనలు అందుకునే 8080ను మార్చి, ఆపివేతకు వాడే 8005ను అలాగే వదిలేస్తే అది నిలబడదు. వీటన్నింటి ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ను, సురక్షిత వెబ్ (HTTPS) వాడే 443 పోర్టుపై ఉంచి, వచ్చినవారిని డొమైన్ పేరును బట్టి లోపలి పోర్టులకు పంపిస్తే, ఒకదాన్ని రీస్టార్ట్ చేసినా మిగతావి ఆగవు.

అన్నింటినీ యంత్రంపై సర్వాధికారాలు ఉండే రూట్ ఖాతాతో నడపడం మాత్రం క్షమించరానిది. ఒక సైటులోకి చొరబడినవాడికి పక్క సంస్థల డేటాబేస్ పాస్‌వర్డులన్నీ దొరుకుతాయి. ఒక్కో అప్లికేషన్‌కు ఒక్కో యూజర్ ఖాతా ఇవ్వడానికి పైసా ఖర్చు లేదు. ఇన్ని చేసినా యంత్రమే చెడిపోతే అన్నీ ఒకేసారి ఆగుతాయి. తుఫానుకు రోజుల తరబడి కరెంటు పోయే మన ప్రాంతంలో బ్యాకప్ వేరే ఊళ్లో ఉండటం తప్పనిసరి.

సర్వర్ నిర్వహణను బయటివారికి అప్పగించే సంస్థలు ఈ హద్దులన్నింటినీ ఒప్పంద పత్రంలోనే రాయించుకోవాలని, మన ఇంజినీరింగ్ కళాశాలలు వీటిని ల్యాబుల్లో విద్యార్థులచేత స్వయంగా చేయించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక సర్వర్ నిర్వాహకుడు,
పశ్చిమ గోదావరి జిల్లా