28వ రోజు సూదితో పాటు కళ్లూ చూడండి

సంపాదకులకు నమస్కారం.

పిల్లి రక్కితే రేబిస్ టీకా వేయించాలన్న సంగతి ఇప్పుడు చాలామందికి తెలుసు. ఇంట్లో తిరిగే పిల్లికూన మా తొమ్మిదేళ్ల అమ్మాయి ముంజేతి మీద రక్కిన రోజే సబ్బుతో కడిగి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. ఆ రోజొకటి, తర్వాత 3, 7 రోజులకు మరో రెండు సూదులు వేశారు. 28వ రోజున మళ్లీ రమ్మని చీటీ రాసిచ్చారు. ఇక భయం లేదనుకున్నాం.

రెండు వారాలకు జ్వరం వచ్చింది, చంకలో బిళ్ల కట్టింది. దగ్గర్లోని డాక్టరుగారు మాత్రలు రాశారు. పిల్లి సంగతి ఆయన అడగలేదు, చెప్పాలని మాకూ తోచలేదు. జ్వరం తగ్గాక ఒక ఆదివారం తలంటుతుంటే కుంకుడు రసం ఎడమ కంట్లో పడింది. ఆ కన్ను గట్టిగా మూసుకుని, "అమ్మా, నీ మొహం కనిపించడం లేదు, పక్కన బకెట్టు కనిపిస్తోంది" అంది. కుడికంట్లో ఎరుపు లేదు, నొప్పి లేదు. చూపు మధ్యలో పోయిందని అంతవరకూ ఆ పిల్లకే తెలియదు. రెండో కన్నుతో బడికి వెళ్లి వస్తూనే ఉంది!

కంటి డాక్టరుగారు తీసిన ఫొటోలో కంటి నరం మొదలు ఉబ్బి ఉంది. పక్కనే రెటీనా మీద నక్షత్రం గీసినట్టు తెల్లని చారలు. అది చూస్తూనే ఆమె అడిగిన మాట, "ఇంట్లో పిల్లి ఉందా?" రక్తపరీక్షలో బార్టొనెల్లా హెన్సెలే అనే బాక్టీరియా అని తేలింది. పిల్లి బొచ్చులో రక్తం పీల్చే చిన్న పురుగుల మలం గోళ్లకు అంటుకుని, రక్కినప్పుడు గాయంలోకి వెళుతుందట. పిల్లి మాత్రం ఆరోగ్యంగానే కనిపిస్తుంది. రేబిస్ టీకాకు దీనితో సంబంధమే లేదు.

ఎక్కువమంది పిల్లల్లో ఇది బిళ్ల, జ్వరంతోనే తగ్గిపోతుంది. కొద్దిమందికే కంటికి వస్తుంది. కొందరికి ఒక కన్ను ఎర్రబడి, అదే వైపు చెవి ముందు బిళ్ల కడుతుంది. దాన్ని కళ్లకలక అనుకుని చుక్కల మందుతో సరిపెట్టుకునే ప్రమాదం ఉంది. మెడలో బిళ్ల కనిపిస్తే మన దగ్గర ముందు క్షయ గుర్తుకు రావడం సహజమే. దానితో పాటు పిల్లి మాట కూడా అడగాలి.

మందులు వాడాక మా అమ్మాయికి చూపు కొద్దికొద్దిగా తిరిగి వస్తోంది. ఎర్ర రిబ్బను మాత్రం ఆ కంటికి ఇంకా వెలిసినట్టే ఉందంటోంది. కూనను ఎక్కడైనా వదిలేయమని బంధువులు పోరారు. మేము వదల్లేదు. పశువైద్యుడికి చూపించి పురుగులకు మందు వేయించాం.

ఆరోగ్య శాఖకు నా విన్నపం ఒక్కటే. రక్కిన ఒకటి నుంచి మూడు వారాల్లో బిళ్ల కడుతుంది. నాలుగో సూదికి పిల్లలు 28వ రోజున ఎలాగూ వస్తారు. ఆ రోజు నర్సమ్మ "జ్వరం వచ్చిందా, బిళ్ల కట్టిందా?" అని అడిగి, ఒక్కో కన్నూ మూయించి గోడమీది అక్షరాలు చదివిస్తే రెండు నిమిషాల పని. టీకా చీటీ మీద కూడా ఈ రెండు వాక్యాలు అచ్చు వేయించండి: "పిల్లి రక్కాక జ్వరం, బిళ్ల, కంటి ఎరుపు, మసక చూపు కనిపిస్తే వెంటనే రండి. పిల్లి రక్కిందని డాక్టరుకు తప్పక చెప్పండి."

– ఒక తల్లి, గుంటూరు