అద్దె హక్కును గంపగుత్తలో కలపొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్నెట్‌లో సినిమాలు చూపే ఓటీటీలకు చందా కట్టినవాళ్లను కొత్త సినిమాకు మళ్లీ అద్దె అడగడమేమిటన్న విమర్శ తరచూ వినిపిస్తోంది. 2022 మేలో ‘ఆర్ఆర్ఆర్’ను అద్దెకు పెడతామన్న జీ5, అభిమానుల ఆగ్రహం చూసి వెనక్కి తగ్గి చందాదారులందరికీ ఇచ్చేసింది. చందా కట్టినవారి కోపంలో న్యాయం ఉంది. అంతమాత్రాన అద్దె పద్ధతినే దోపిడీ అనడం తప్పు. ఎన్ని ఇళ్లలో చూశారన్న లెక్కను బట్టి నిర్మాతకు డబ్బు రావాలంటే అద్దె గట్టి దారి. అమెరికాలో వీడియో క్యాసెట్ల కాలంలో ఈ గొడవంతా జరిగిపోయింది.

అక్కడ 1977 చివర్లో లాస్ ఏంజెలెస్‌లో అద్దె దుకాణాలకు శ్రీకారం పడింది. కొన్న క్యాసెట్‌ను కొన్నవాడు అద్దెకిచ్చుకోవచ్చు, స్టూడియోకు వాటా పెట్టనక్కర్లేదు అన్నది ఆ దేశపు చట్టం. దాంతో స్టూడియోలు క్యాసెట్ ధరనే పెంచేశాయి. 1990లలో దుకాణానికి ఒక్కోటి 65 డాలర్ల దాకా పడేది. అద్దె చూస్తే 3 డాలర్లు. 22 సార్లు తిరిగితే గానీ అసలు రాదు. రెండు రోజులకొకరు చొప్పున తీసుకెళ్లినా నెలన్నర పడుతుంది, కొత్త సినిమా మీద మోజు అంతకాలం నిలవదు. అందుకే పది క్యాసెట్లకు గిరాకీ ఉన్నచోట దుకాణదారు మూడే కొనేవాడు. వారాంతంలో వచ్చినవాళ్లు ‘అయిపోయింది’ అనిపించుకుని తిరిగి వెళ్లేవాళ్లు.

ఇది మన పంపిణీదారుల భాషలో ఔట్‌రైట్ అమ్మకం, అంటే ఒకేసారి ధర పుచ్చుకుని ఆపైన వాటా లేకుండా ఇచ్చేయడం. 1998లో అద్దె దుకాణాల గొలుసు బ్లాక్‌బస్టర్ పెద్ద స్టూడియోలతో కుదుర్చుకున్న పద్ధతి మన ఎం.జి. (ముందుగా ఇచ్చే కనీస హామీ సొమ్ము), ఓవర్‌ఫ్లో (దాన్ని మించి వచ్చినదాంట్లో వాటా)లకు దగ్గరి చుట్టం. క్యాసెట్‌కు ముందుగా ఇచ్చేది 8 డాలర్ల వరకే, ఆపైన ప్రతి అద్దెలో స్టూడియోకు వాటా. లెక్క తేలిక కోసం వాటా సగం అనుకుందాం. పాత పద్ధతిలో 3 క్యాసెట్లు 30 సార్ల చొప్పున తిరిగితే అద్దె 270 డాలర్లు, అందులో స్టూడియోకు 195, దుకాణానికి 75. కొత్త పద్ధతిలో 10 క్యాసెట్లు 15 సార్లే తిరిగినా అద్దె 450. స్టూడియోకు 80, 225 కలిపి 305, దుకాణానికి 145. సినిమా అందిన ఇళ్లు 90 నుంచి 150కి పెరిగాయి. ఇదంతా నడిచింది కౌంటర్ మీది కంప్యూటర్ ప్రతి అద్దెనూ నమోదు చేయడం వల్లే. లెక్క కనబడనిచోట వాటా మాటే ఉండదు.

ఏ సినిమాలు అద్దెకు బాగా పోతాయి? థియేటర్లో దుమ్ము రేపినవే అనుకోవడం పొరపాటు. ‘ద షాషాంక్ రిడెంప్షన్’కు ఖర్చు 2.5 కోట్ల డాలర్లు. 1994లో తొలి విడుదలలో వచ్చిన వసూలు 1.6 కోట్లు. ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాక వార్నర్ స్టూడియో ధైర్యం చేసి 3,20,000 అద్దె క్యాసెట్లు పంపింది, 1995లో అక్కడ ఎక్కువగా అద్దెకు పోయిన సినిమాల్లో అదొకటైంది. పేరు విన్నాం కానీ టికెట్ కొని వెళ్లలేదు అనిపించే కథాబలమున్న సినిమాలు, థ్రిల్లర్లు, హాస్యం, ఇవీ అద్దెకు నప్పేవి. పిల్లల సినిమాల దారి వేరు. పిల్లలు చూసిందే ఇరవైసార్లు చూస్తారు గనుక వాటిని స్టూడియోలు 20, 25 డాలర్లకు నేరుగా ఇళ్లకే అమ్ముకునేవి. ‘ఈ.టీ.’ని 1988లో అలాగే 24.95 డాలర్లకు అమ్మారు.

మన చట్టం ఈ విషయంలో అమెరికా కంటే నిర్మాతకే అనుకూలం. సినిమా కాపీ ఒకసారి అమ్ముడుపోయినా దాన్ని అద్దెకిచ్చే హక్కు హక్కుదారుదేనని 1994 కాపీరైట్ సవరణ చెప్పింది. 2012లో ఆ మాటలు మారినా, వ్యాపారంగా అద్దెకిచ్చే హక్కు ఇప్పటికీ హక్కుదారుదే. ఇంత బలమైన హక్కును ఓటీటీ ఒప్పందంలో గంపగుత్తగా రాసిచ్చేయడమే నా బాధ. ఒకే మొత్తానికి ఏళ్ల తరబడి హక్కులిచ్చేశాక, థియేటర్లో ఆడని చిన్న సినిమాను ఊరంతా ఇంట్లో చూసి మెచ్చుకున్నా నిర్మాతకు అదనంగా పైసా రాదు.

2022లో ప్రైమ్ వీడియో మన దేశంలో అద్దె విభాగం తెరిచింది. ‘కేజీఎఫ్ చాప్టర్ 2’ను మే 16 నుంచి రూ.199 అద్దెకిచ్చి, జూన్ 3న చందాదారులకు ఇచ్చింది. ఆగలేనివాడు కట్టుకున్నాడు, మిగతావారు 18 రోజులు ఆగారు. ఈ వరసే సరైనది. రూ.199లో 18 శాతం జీఎస్టీ పోతే మిగిలేది సుమారు రూ.169. ఒప్పందంలో నిర్మాత వాటా 60 శాతం అనుకుంటే అద్దెకు వంద రూపాయలు, లక్ష అద్దెలకు కోటి.

అయితే ఇది ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. చందాదారులకు ఎప్పుడు వస్తుందో ముందే చాటితే అద్దె పడిపోతుంది, అసలు చెప్పకపోతే మోసమంటారు. అద్దె మొదలైన రోజే నాణ్యమైన పైరసీ ప్రతి బయటికొస్తుంది, ఇంకా థియేటర్లో ఆడుతున్న సినిమాకు అది దెబ్బ. చూడటం మొదలుపెట్టాక 48 గంటలే గడువని డబ్బు కట్టే తెరమీదే పెద్ద అక్షరాల్లో ఉండాలి. మూడు గంటల సినిమాను మూడు రాత్రులు చూసే ఇళ్లు మనకు తక్కువేం కాదు.

నిర్మాతల మండలికి నా విన్నపం ఇది. నమూనా ఒప్పందంలో అద్దె హక్కును చందా హక్కు నుంచి విడదీయండి. చందాకు ముందు రెండు మూడు వారాలు అద్దెకు కేటాయించండి. ఎం.జి. కొంత, ఆపైన ఓవర్‌ఫ్లోలో వాటా రాయించండి. ఎన్ని అద్దెలు, ఏ ధరకు, ఏ దేశంలో అన్న నెలవారీ పట్టిక ఇవ్వాలనీ, నిర్మాత తరఫు ఆడిటర్ ఆ లెక్కలు తనిఖీ చేయవచ్చనీ షరతు పెట్టండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ