గీజరు కారితే ముందు పరీక్షించండి

సంపాదకులకు నమస్కారం.

బోరు నీటి ఉప్పు పేరుకునే మా హైదరాబాద్ ఇళ్లలో గీజరు కింద నీటి చుక్క కనబడగానే ట్యాంకు పోయిందనుకొని కొత్తది కొనేస్తున్నారు. మా ఇంటికి వచ్చిన మెకానిక్ కూడా అదే చెప్పాడు. కానీ కరెంటు ఆపి, గొట్టాలన్నీ పొడిగుడ్డతో తుడిచి, బిగింపుల చుట్టూ కాగితం చుట్టి అరగంట ఆగి చూస్తే, తడిసింది చన్నీళ్ల గొట్టం దగ్గర మాత్రమే. అక్కడి వాషరు తెల్లగా ఉప్పు పట్టి పెళుసెక్కి ఉంది, దాన్ని మార్చగానే కారడం ఆగింది. నీరు వేడెక్కి వ్యాకోచించేటప్పుడు లోపలి ఒత్తిడిని బయటకు వదిలే సేఫ్టీ వాల్వు నుంచి కొన్ని చుక్కలు రావడం సహజం. ఆ వాల్వును మూసేస్తే ప్రాణాపాయం కాబట్టి దాన్ని ఎన్నడూ మూసివేయరాదు. లోపలి ట్యాంకే తుప్పుపట్టి కారితే మాత్రం అతుకు నిలవదు. ట్యాంకు లోపల ఉండి ఆ తుప్పును ఆలస్యం చేసే మెగ్నీషియం కడ్డీ గురించి అమ్మేటప్పుడే కొనుగోలుదారులకు వివరించాలని దుకాణదారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హైదరాబాద్